రూతమ్మ వసారాలో ఇంగ్లీషు

మొన్న డిసెంబరులో మా ఆఫీసు కింది మిఠాయి దుకాణంలో అచ్చుతో గులాబీ పువ్వులు వేయిస్తుంటే, కాగిన నూనెలో తియ్యటి పిండి వేగే వాసన లిఫ్టు దాకా వచ్చింది. పక్కనున్నవాళ్లు ఆహా అన్నారు. నాకు మాత్రం కడుపులో పాత మంట రాజుకుంది. ఆ వాసన వస్తే నాకు మెదక్‌లో రూతమ్మ వసారా, ఆ వసారాలో ఆమెకు ఆనుకుని కూర్చున్న షాహీన్ గుర్తొస్తారు.

రూతమ్మ నర్సుగా చేసి రిటైరైన మనిషి, చర్చి వెనక సందులో ఒక్కతే ఉండేది. దొర డాక్టర్ల పక్కన ఏళ్ల తరబడి నిలబడి నేర్చుకున్న ఇంగ్లీషు ఆమెది. "ఇంగ్లీషొస్తెనే నలుగుట్ల నోరు లేస్తది బిడ్డా" అని మా నాయిన నన్ను ఆమె దగ్గరికి పంపాడు. మా గల్లీ దర్జీ కూతురు షాహీన్, తొక్కుడుబిళ్ల ఆట మధ్యలో వదిలేసి, నేనూ వస్తానని వెంటపడింది. తీసుకెళ్లింది నేనే, ఈ సంగతి మరిచిపోకండి.

రూతమ్మ పుస్తకం ముట్టనిచ్చేది కాదు. మెట్టెక్కితే తెలుగు బంద్. "ఆస్క్ మీ. మై లైఫ్. ఎనీథింగ్," అని తన పనిలో పడేది. వానాకాలం ముసురులో మక్క కంకులు కాలుస్తూ, చలి మొదలయ్యే రోజుల్లో గుట్టల మీంచి వచ్చిన సీతాఫలాలను పండాయో లేదో ఒత్తి చూస్తూ, క్రిస్మస్ ముందు గులాబీ పువ్వుల ఇనుప అచ్చును పిండిలో ముంచి మరిగే నూనెలో పెడుతూ, మేం ఏదడిగితే దానికి నిదానంగా, ఒక్కో మాట మాకు అందేలా తన బతుకు చెప్పేది. ఫీజు లేదు, పరీక్ష లేదు. ఒకరు రాకపోతే ఆనాటి కథను రెండోవాళ్లు వాళ్లకు ఇంగ్లీషులో వినిపించాలి, అంతే.

నేను క్లాసులో ఫస్టు. ప్రశ్నలు ఇంట్లోనే బట్టీపట్టి, దారంతా పెదాలు కదుపుకుంటూ వెళ్లేదాన్ని. ఒకరోజు గొంతు సవరించుకుని, "వాట్ ఈజ్ యువర్ ఎయిమ్ ఇన్ లైఫ్?" అని అడిగాను. అరవై దాటిన మనిషిని, గులాబీ పువ్వులు వేయిస్తూ పొయ్యి ముందు కూర్చుని ఉండగా అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వీ నవ్వీ, "టు ఫినిష్ దీస్ బిఫోర్ డార్క్," అంది.

షాహీన్‌కు ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు. మూడో భాష అయితే ఏమన్నట్టు అందులోకీ దూకేది. ఆ రోజే, "ఆంటీ, పేషెంట్ డై, యూ క్రై?" అంది. గ్రామరూ లేదు, సిగ్గూ లేదు. రూతమ్మ అచ్చు పక్కన పెట్టి, మంట తగ్గించి, షాహీన్ వైపు తిరిగి, తన చేతుల్లో పోయిన ఒక పసిపిల్ల గురించి పొయ్యి చల్లారేదాకా చెప్పింది. నా వైపు ఒక్కసారైనా చూస్తుందేమోనని చూశాను. చూడలేదు. ఒళ్లు మండిపోయింది. ఆ తప్పులతడక ఇంగ్లీషుకు అంత కథా, కామా కూడా తప్పని నా ప్రశ్నకు ఒక్క ముక్కా!

ఆ తర్వాత నాకు అమ్మవారు పోసింది. మంచం చుట్టూ వేపమండలు పెట్టుకుని నేను పడుకున్న రోజుల్లోనే షాహీన్, రూతమ్మను లగ్గం ఎందుకు చేసుకోలేదని అడిగేసింది. మా అమ్మతో సహా గల్లీ ఆడవాళ్లంతా చాటల్లో బియ్యం చెరుగుతూ ఊహించుకునేవాళ్లే తప్ప, ఆ మాట ఎదురుగా అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. లేచి తిరిగే ఓపిక రాగానే నేను పరిగెత్తి వెళ్లి అడిగితే, "షాహీన్ నోస్. షీ విల్ టెల్ యూ," అంది రూతమ్మ.

షాహీన్ సంబరంగా, "వన్ మ్యాన్. గుడ్ మ్యాన్..." అని మొదలుపెట్టింది.

"నాకేం అక్కర్లే. నీ దగ్గర్నే పెట్టుకో పో!" అని చెవులు మూసుకున్నాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ కథ రూతమ్మ తన నోటితో, నా మొహం చూసి చెప్పాలి. ఇంకొకరు కొరికిన జామపండు నాకెందుకు?

ఏదో ఒకరోజు నాకే చెబుతుందని కాచుకుని కూర్చున్నాను. ఎండాకాలం రాగానే పాపన్నపేట నుంచి రూతమ్మ తమ్ముడు వచ్చి ఆమెను వెంట తీసుకెళ్లాడు. కొన్నాళ్లకు పోయిందని తెలిసింది.

ఇప్పుడు ఆ సందులో వసారాలు లేవు. వరసగా షటర్లు, మొబైల్ దుకాణాలు. పొద్దుగూకే వేళ పిల్లల్ని కూర్చోబెట్టుకుని తన బతుకు చెప్పే తీరిక ఉన్న మనిషి ఆ చుట్టుపక్కల కనపడదు. నేను రోజంతా ఇంగ్లీషులోనే మాట్లాడతాను, మా ఆఫీసులో ఎవరూ ఎవరి బతుకూ అడగరు. మొన్న గులాబీ పువ్వుల వాసన వచ్చిన ఆ సాయంత్రమే షాహీన్‌కు ఫోన్ చేశాను. తను మెదక్‌లోనే ఉంది, తండ్రి దర్జీ దుకాణం తనే నడుపుతోంది. ఇన్నేళ్ల బింకం వదిలేసి, రూతమ్మ ఎందుకు లగ్గం చేసుకోలేదే అని అడిగాను.

"యాద్ లేదే లతా," అంది షాహీన్. "ఎవరో ఉండె... ఏమో అయింది. కసం, యాద్ లేదు. గా కథ చెప్పుకుంట నా తల దువ్వింది. నూనె వెట్టి జడేసింది. గంతే యాదున్నది."

సరేలే అని ఫోన్ పెట్టేశాను. ఆ కథ ఇక ఎవరి దగ్గరా లేకుండా పోయినందుకు ఏడవాలి నిజానికి. నాకు ఏడుపొచ్చింది ఇంకోదానికి. నా తల ఆమె ఎన్నడూ దువ్వలేదు.