మాట్లాడుకుంటూ పరుగు

మా బావ సిటీ బస్సు డ్రైవరు. బండి ఎంత నెమ్మదో నోరు అంత జోరు. "డ్రైవరుతో మాట్లాడరాదు" అని బస్సులో బోర్డు పెట్టింది ఈయన బారి నుంచి ప్రయాణికుల్ని కాపాడటానికేనని డిపోలో అందరూ ఏడిపిస్తారు.

నిరుడు డిపోవాళ్ళ వైద్య పరీక్షలో పొట్ట తగ్గించుకోమన్నారు. దాంతో పొద్దున్నే పరుగు మొదలుపెట్టి, మా అక్కని కూడా వెంటబెట్టుకున్నాడు. ఎవరు చెప్పారో గానీ ఒక సూత్రం పట్టుకొచ్చాడు. మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగితే అది తేలిక పరుగు, మాట తెగిందంటే వేగం తగ్గించాలి. సూత్రం మంచిదే. వచ్చిన చిక్కల్లా ఆ మాటలన్నీ ఈయనవే కావడం. వంతెన దగ్గర్నించి గోదాముల దాకా కొత్త మేనేజరు గురించి, అరిగిన బ్రేకుల గురించి చెబుతూనే ఉండేవాడు. అక్క పక్కన ఊకొడుతూ వచ్చేది. ఆయన మాట తెగలేదు కాబట్టి పరుగు తేలికే అన్నమాట. "మీ అక్కకి అలుపన్నదే లేదు, చూశావా" అని ఇంటికొచ్చి నా దగ్గర గొప్పలు. నేనుండేది పక్క వాటాలోనే. అక్క మొహం పాలిపోవడం చూశాను, చూసి ఊరుకున్నాను. తిలాపాపం తలా పిడికెడు.

ఒకరోజు గోదాముల గేటు దగ్గర అక్క కుప్పకూలింది. ఈయన మాటల్లో పడి ఇంకొంత దూరం వెళ్ళాక గానీ పక్కన మనిషి లేదని చూసుకోలేదట.

ఆసుపత్రిలో రక్తం బాగా తక్కువుందన్నారు. లాండ్రీలో రోజంతా నిలబడి ఇస్త్రీ చేసే మనిషి, పైగా ఈ పరుగొకటి. "కళ్ళు తిరుగుతున్నాయని ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

అక్క దుప్పటి అంచు సర్దుకుంటూ, "మాటకి అడ్డమొస్తే ఆయనకి కోపం వస్తుందండీ" అంది. చాడీ చెప్పినట్టు కాదు, బయట వాన పడుతోందన్నట్టు మామూలుగా చెప్పింది. కిటికీ దగ్గర బావ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

ఆ తర్వాత ఇంట్లో ఆయనకి ఉలుకూ పలుకూ లేదు. వేళకి మాత్రలు తెచ్చి అక్క చేతిలో పెట్టేవాడు, గిన్నెలు తోమేవాడు, అవసరమైతే తప్ప నోరు విప్పేవాడు కాదు. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకు కసి తీరినట్టయింది. తర్వాత జాలేసింది. ఓసారి మెట్ల మీద కూర్చుని నాతో అన్నాడు.

"వెనక డోరు దగ్గర ముసలాయన పూర్తిగా దిగాడో లేదో అద్దంలో చూసుకుని గానీ బస్సు కదపను కదే. పక్కనున్న మనిషిని చూసుకోలేకపోయాను."



రక్తం పట్టాక, మెల్లగా మొదలుపెట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది. కాపలాకి నేనూ వెళ్ళాను. ఈసారి బావ షరతులు వేరు. అక్క ముందు, తను వెనక. మాట్లాడాల్సింది అక్కే. ఆమె మాట తెగితే అందరం ఆగాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అనుకున్నాను గానీ పైకి అనలేదు.

ఏం మాట్లాడాలో తెలీక అక్క కాసేపు అవస్థపడింది.

"ఏదో ఒకటి చెప్పు, నీ ఇష్టం" అన్నాడు బావ వెనకనించి.

"చెప్తే ఏమీ అనుకోరు కదా?"

"అనుకోను."

"నాకీ పరుగంటే మొదట్నించీ ఇష్టం లేదండీ" అంది అక్క, ఎక్కడా ఆయాసం లేకుండా.

"మరెందుకు వచ్చేదానివి?"

"మీ డ్యూటీలు మీవి, నా షిఫ్టులు నావి. మీరు నా పక్కన ఉండేది ఈ కాసేపేగా."

వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే బావ రోడ్డు పక్క పిట్టగోడ మీద కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు. అక్క వెనక్కి నడిచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. నేను వాళ్ళనక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను.