మా తోటకి జపాన్ మేడం

మా నాన్న మూడేళ్ళపాటు చాట్రాయి మండలమంతా నమ్మించిన అబద్ధం ఒకటుంది. నేను హైదరాబాద్‌లో కంప్యూటర్లు చదువుతున్నానని. నిజానికి నేను చదివింది బీఏ జపనీస్. ఇంగ్లీషులో సీటు రాక, రెండో ఆప్షన్ దగ్గర ఊరికే పెట్టిన టిక్కుకి దొరికిన సీటు అది. ఎరువుల కొట్టు దగ్గర ఎవరైనా "అమ్మాయి ఏం చదువుతుందండీ?" అని అడిగితే నాన్న మొదట్లో నిజమే చెప్పేవారు. వెంటనే రెండో ప్రశ్న వచ్చేది, "జపాన్ భాషా? ఎందుకండీ?" అని. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. నన్నడిగితే నా దగ్గరా లేదు. కంప్యూటర్లు అంటే రెండో ప్రశ్న రాదు. అందుకని చదువు మార్చేశారు.

యూనివర్సిటీలో మాకు భాష కంటే మర్యాదలే ఎక్కువ నేర్పారు. మా సెన్సే, అంటే టీచరుగారు, ఏభై దాటిన జపాన్ ఆవిడ. క్లాసు బయట కూడా తనతో జపనీస్‌లోనే మాట్లాడాలని రూలు పెట్టింది. ఎవరి ముందు ఎంత వంగాలో, వంగి ఎంతసేపు ఉండాలో, పేరు కార్డు రెండు చేతులతో ఎలా అందుకోవాలో గోడకి పెద్ద అద్దం పెట్టి మరీ చేయించేది. మొదటి ఏడాది సెలవులకి ఇంటికొచ్చి పాలవాడికి వంగాను, పోస్టుమ్యాన్‌కి వంగాను. రెండు రోజులు చూసి మా అమ్మ జండూబామ్ తెచ్చి, "నడుం పట్టేసిందని చెప్పవేంటే? హాస్టల్ మంచాలు మంచివి కావు" అంటూ బోర్లా పడుకోబెట్టి రుద్దేసింది. మర్యాద అని చెబితే నమ్మలేదు. మర్యాదకి అంత వంగాల్సిన పని ఏముందని ఆవిడ వాదన.

అదంతా నవ్వులాటే. అసలు కొంప ముంచింది ఇంకో మర్యాద. జపాన్‌లో ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే దిమ్మలా కూర్చోకూడదు. మాట మాటకీ తలూపాలి, మధ్యమధ్య ఊఁ కొడుతుండాలి. అంటే ఒప్పుకున్నట్టు కాదు, వింటున్నట్టు. మూడేళ్ళ ప్రాక్టీసు వల్ల ఆ తలూపుడు నా మెడకి అంటుకుపోయింది.

బీఏ ఆఖరి పరీక్షలకి ముందు నాలుగు రోజులు ఇంటికొచ్చాను. ఎంఏలో సీటు దాదాపు ఖాయమైంది. ఇంకో రెండేళ్ళు చదవాలని ఉందని చెప్పడానికే వచ్చాను. మొదట్లో రెండో ఆప్షనే గాని, ఈపాటికి ఆ భాష లేకపోతే నాకు తోచదు. నేను నోరు తెరిచేలోపే నాన్న అరుగు మీద కూర్చోబెట్టి, జపాన్ చదువు ఇక చాలని, నూజివీడులో బీఎడ్ చేరితే రేపు ఏ స్కూల్లోనో టీచరుగా స్థిరపడొచ్చని, ఆడపిల్ల దగ్గరలో ఉంటే అమ్మకీ ధైర్యమని అరగంట చెప్పారు. నేను అరగంటా చక్కగా తలూపుతూ ఊఁ కొట్టాను. ఆయన అయిపోగానే నా మాట చెబుదామని ఆగాను. అయిపోగానే ఆయన లేచి లోపలికెళ్ళి, ఉంగుటూరులో మా మేనత్తకి ఫోన్ చేసి, "బీఎడ్‌కి ఒప్పుకుంది, అడ్డు కూడా చెప్పలేదు, బంగారం" అన్నారు. నన్ను బంగారం అనడం జన్మలో అదే మొదటిసారి విన్నాను. అదీ పక్క గదిలోంచి, అదీ పొరపాటున.

నేను ఒప్పుకోలేదని చెబితే ఆయనకి కోపం వచ్చింది. "అరగంటసేపు బొమ్మలా తలూపి ఇప్పుడు లేదంటావేంటి?"

"అది విన్నానని నాన్నా. వాళ్ళ పద్ధతి."

"ఆ పద్ధతి నేర్పినావిడ్ని ఓసారి తీసుకురా. నీకేం వచ్చో, ఇంకో రెండేళ్ళు చదివితే దేనికైనా పనికొస్తావో లేదో ఆవిడ నోటితో చెప్పమను. లేదంటే బీఎడ్డే."

ఆయన మాటవరసకి అన్నారు. నేను హాస్టల్‌కి వెళ్ళి ఆ మాట సెన్సేకి చెప్పాను. ఆవిడ బ్యాగులోంచి చిన్న డైరీ తీసి, మా తోటలో మామిడి పళ్ళు ఏ వారంలో బాగుంటాయని అడిగింది.

మే నెలలో వచ్చింది. తెల్ల చొక్కా, తెల్ల టోపీ. తోటలో రసాలు కోతకొచ్చాయి. కుర్రాళ్ళు గెడకి వల కట్టిన చిక్కాలతో కోసి తెస్తుంటే, ముప్పై ఏళ్ళుగా మా తోటలో కాయలు ఏరే మామ్మ కుప్ప ముందు కూర్చుని దెబ్బ తగిలినవి ఒక పక్కకీ, మంచివి ఒక పక్కకీ వేస్తోంది. నాన్న గడ్డిలో మాగిన పళ్ళలోంచి నాలుగు ఏరి పళ్ళెంలో పెట్టి, "ఈ ఏడు కాపు బాలేదండీ. పులుపెక్కువ. ఏదో రుచి చూడండి" అన్నారు. నేను ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు జపనీస్‌లోకి మార్చాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టే కాయల్ని ఎవరూ మంచివని చెప్పి పెట్టరు. మంచివని చెప్పేది అమ్మేవాళ్ళు. తోటంతా వెతికి తెచ్చిన పండుని కూడా "రాలిపడ్డ కాయలండీ" అనే చేతిలో పెడతారు. పిల్లల విషయంలోనూ అంతే. నాకు టెన్త్‌లో స్కూల్ ఫస్టొస్తే మా నాన్న మాస్టారితో అన్నది "పేపర్లు దిద్దినవాళ్ళెవరో మంచివాళ్ళండీ" అని.

సెన్సేకి మామ్మే నేర్పింది పండు తినడం. మెత్తగా పిసకాలి, ముచిక తీసి జీడి సొన పిండేయాలి, తర్వాత నోట్లో పెట్టుకుని పీల్చాలి. రసం మోచేతి దాకా కారింది, తెల్ల చొక్కా సగం పసుపైంది. టెంక కూడా వదలకుండా చీకింది. ఆవిడ రెండో పండు అందుకునేసరికి మామ్మకి ఆవిడ నచ్చేసింది.

అప్పుడు నాన్న గొంతు సవరించుకుని, "మా అమ్మాయికి మీ భాష వచ్చిందాండీ? ఇంకో రెండేళ్ళు చదివిస్తే ఉపయోగముందా? ఉన్నదున్నట్టు చెప్పమను" అన్నారు. అడిగాను.

సెన్సే టెంక పళ్ళెంలో పెట్టి, చేతులు తుడుచుకుని, నిటారుగా కూర్చుని చాలాసేపు మాట్లాడింది. ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, మాటలు నేర్చుకునే పిల్లలు చాలామంది వస్తారు, మీ అమ్మాయి మాటలు కాదు, ఎదుటి మనిషిని వింటుంది, అలా వినేవాళ్ళు తక్కువ, దయచేసి ఇంకో రెండేళ్ళు నాకు వదలండి అంది. చివర్న లేచి, మా నాన్న ముందు నడుం సగానికి వంచి, అలాగే ఉండిపోయింది.

ఇవన్నీ నా గురించి నేనే ఎలా చెప్పను? జపాన్ పద్ధతిలో ఎవరైనా మెచ్చుకుంటే చెయ్యి అడ్డంగా ఊపి, కాదు కాదు, నాకేం రాదు అనాలి. మూడేళ్ళు అదే నేర్చుకున్నాను.

"ఫర్వాలేదంట నాన్నా" అన్నాను.

"అంతేనా?"

"ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉందంట." ఇది ఆవిడ అనలేదు. నేనే కలిపాను.

"సరే అయితే" అన్నారు నాన్న. మా ఇంట్లో సరే అయితే అంటే ఆ సంగతి అయిపోయినట్టు. చేసిన తప్పు తెలిసొచ్చింది. అప్పుడు మామ్మ కాయలు ఏరడం ఆపింది.

"పాపా, ఆవిడ బండెడు చెప్తే నువ్వు గుప్పెడు చెప్తావేంటి? ఫర్వాలేదనే మాటకి ఎవరైనా అంతసేపు మాట్లాడతారా? ఆమె ఇంకా వంగే ఉంది చూడండయ్యా. మొత్తం చెప్పమనండి."

నాన్న నా వైపు చూశారు. నేను మామిడిచెట్టు వైపు తిరిగి, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు మొదలుపెట్టాను. "ఆ అమ్మాయి ఎదుటి మనిషిని వింటుందంట. అలాంటి అమ్మాయిలు తక్కువంట..."

"ఏ అమ్మాయి?" అంది మామ్మ.

"నేనే."

"మరి నేనని చెప్పు!"

మళ్ళీ మొదట్నుంచి, నేను, నేను అంటూ చెప్పాను. సగంలో ఏడుపొచ్చింది. సిగ్గుతోనో భయంతోనో కాదు, ఆ మాటలు నిజంగా నా గురించి అన్నవని చెబుతుంటే అప్పుడు తెలిసి. సెన్సే కంగారుగా తలెత్తి నాకు తన చేతిగుడ్డ ఇచ్చింది. అది నిండా మామిడి రసం.

నాన్న అంతా విని, "అబ్బే, అంత లేదండీ. దీనికేం వచ్చు? పాలు పొంగకుండా కాచడం కూడా రాదు" అన్నారు. అదీ జపనీస్‌లోకి మార్చాను. పాలతో సహా. సెన్సే పగలబడి నవ్వింది. పళ్ళెంలో టెంకలు చూపించి, "వీటిని కూడా పులుపన్నారు కదా!" అంది. ఆ మాట తెలుగులో చెప్పగానే నాన్న దొరికిపోయినవాడిలా తల గోక్కుని, మామ్మ వైపు చూసి నవ్వారు.

మర్నాడు పొద్దున్న సెన్సేని బస్సెక్కించడానికి హనుమాన్ జంక్షన్ వెళ్ళాం. నాన్న గడ్డి పరిచిన బుట్టలో పళ్ళు సర్ది, తనే మోసుకొచ్చారు. దారి పొడుగునా బీఎడ్ మాట గాని ఎంఏ మాట గాని ఎత్తలేదు. నాకు అడిగే ధైర్యం లేదు. సోడా కొట్టు దగ్గర ఎరువుల కొట్టాయన ఎదురయ్యాడు. తెల్ల టోపీని కిందికీ మీదికీ చూసి, "ఎవరండీ ఆవిడ?" అన్నాడు.

నాన్న బుట్ట కింద పెట్టారు. "జపాన్ మేడమండీ. మా అమ్మాయి జపాన్ భాష చదువుతుంది. బీఏ అయింది, ఇంకో రెండేళ్ళు ఎంఏ."

ఇన్నాళ్ళూ తప్పించుకున్న రెండో ప్రశ్న రానే వచ్చింది. "కంప్యూటర్లన్నారుగా? జపాన్ భాష ఎందుకండీ?"

"మా అమ్మాయికి ఆ భాష వస్తుంది కాబట్టండీ."

"బాగా వచ్చేసిందా అయితే?"

"ఆ, ఏముందిలెండి" అన్నారు నాన్న, బుట్టలో గడ్డి సవరిస్తూ. "ఏదో, అంతంత మాత్రం."

బస్సు వచ్చింది. సెన్సే మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి, నాన్నగారు నీ గురించి ఏదో అన్నట్టున్నారు, ఏమన్నారు అని అడిగింది.

"నాకు జపనీస్ చాలా బాగా వచ్చని అన్నారు" అని చెప్పాను.