పెదనాన్న వేసిన మడ నాట్లు

మొన్న బెజవాడలో ఒక పెళ్ళికి వెళితే, వడ్డించే అతను అడక్కుండానే నా ప్లేటులో రొయ్యల వేపుడు కుమ్మరించాడు. తిన్నాను, బాగుంది కూడా. అయితే రొయ్య నోట్లో పెట్టుకున్నప్పుడల్లా నాకు పెదనాన్న గుర్తొస్తాడు, ఆయనతోపాటు ఉప్పు బురద వాసనా గుర్తొస్తుంది.

పెదనాన్నది చల్లపల్లి దగ్గర వరి వ్యవసాయం. ఆయన నారు పోస్తే పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి చూసేవాళ్ళు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పేవాడు. ఊరంతా రొయ్యల వెంట పడిన రోజుల్లో ఆయనా పడ్డాడు. సముద్రం వైపు, అభయారణ్యాన్ని ఆనుకుని ఆయనకో చెక్క నేల ఉండేది, దాన్నిండా ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్లు. రెండు రోజుల్లో వాటిని కొట్టించి చెరువు తవ్వించాడు. అటూ ఇటూ అందరూ అదే పని చేస్తున్నారు, అడవి ఏటేటా వెనక్కి పోతోంది. ఒకరోజు పొద్దున్నే గట్టు మీద ఆయనకి బావురుపిల్లి కనిపించింది. చేపలు పట్టుకుని బతికే ఆ అడవిపిల్లి, మోటారు చప్పుడుకి బెదిరి, ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరిగిందట. "దాని ఇంట్లో మనం కాపురం పెట్టాంరా" అన్నాడు నాతో. ఆ పంట పట్టేశాక మళ్ళీ రొయ్యపిల్ల వెయ్యలేదు. పిల్లల చదువులకు ఆ చెరువే ఆధారం కాబట్టి పెద్దమ్మ నెల రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

మళ్ళీ మడ పెంచుతానన్నాడు. మడకాయలు ఏరి తెచ్చి నారు పోశాడు. చెరువు అడుగంతా దమ్ము చేయించి, చదును చేసి, తాడు పట్టి వరసల్లో నాటించాడు. మొక్కకి నీరు తగ్గకూడదని తూము మూసి నీళ్ళు నిలబెట్టాడు. డెల్టా రైతుకి అంతకన్నా ఏం తెలుస్తుంది? నేను వెళ్ళి చూస్తే అచ్చం వరిచేనే, ముచ్చటేసింది. రెండు నెలల్లో మొత్తం కుళ్ళిపోయింది. మరుసటేడు ఇంకా శ్రద్ధగా చేశాడు, ఇంకా త్వరగా కుళ్ళింది.

అక్కడ పీతలు పట్టుకునే ఒకావిడ ఈ తతంగమంతా చూస్తుండేది. చివరికి ఆవిడే చెప్పింది.

"ఇది వరి కాదండీ. సముద్రం పోటుకి నీళ్ళు రావాలి, పోటు తీసినప్పుడు పోవాలి. బురద పైకి తేలితేనే వేళ్ళకి ఊపిరాడేది. గట్టు తెంచెయ్యండి, కాయలు వాటంతటవే కొట్టుకొస్తాయి."

గట్టు తెంచడమంటే ఇక చెరువు లేనట్టే. అప్పటిదాకా పెద్దమ్మ మనసులో, బహుశా ఆయన మనసులోనూ, ఓ మూల ఎప్పటికైనా మళ్ళీ రొయ్య వెయ్యొచ్చన్న ఆశ మిగిలే ఉంది. జన్మంతా గట్లు వేసి, గండి పడిందంటే అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తిన మనిషి ఆయన. ఆ రోజు పార తీసుకుని తనే గండి కొట్టాడు. పోటునీళ్ళు లోపలికి వస్తుంటే తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. ఆయన మీద నాకు అంత గౌరవం కలిగిన రోజు ఇంకోటి లేదు.

ఇప్పుడాయన లేడు. వేపుడు తిన్న మర్నాడు కారు తీసుకుని అక్కడికి వెళ్ళాను. మడ నా తల దాటి పెరిగింది, వరసంటూ ఏమీ లేకుండా. బురదలో పిల్లి అడుగులున్నాయి. బావురుపిల్లివో, ఊళ్ళో పిల్లివో పోల్చుకోవడం నాకు రాదు, బావురుపిల్లివే అనుకున్నాను. పక్క చెరువుల్లో మోటార్లు మోగుతూనే ఉన్నాయి. రెండు రోజుల్లో కొట్టించిన అడవి మళ్ళీ నిలబడడానికి పెదనాన్నకి మిగిలిన కాలం చాలలేదు. చాలదని ఆయనకి తెలుసు, తెలిసే గండి కొట్టాడు.