గోనె చుట్టిన కమాను

మా అమ్మాయి స్పెయిన్ చూడటానికి పోయి, అక్కడి పాత కోటలో తీసిన ఫోటోలు మొన్న నా ఫోన్‌కి పంపింది. గుర్రపు లాడం ఆకారంలో కమాన్లు, వాటి నిండా జల్లెడలా చెక్కిన ఆకులూ చుక్కలూ. "అరబ్బులు ఏలినప్పుడు కట్టినవంట నాయనా, ఇంకా చెక్కు చెదరలేదు" అని రాసింది. నేను అలవాటుకొద్దీ కమాను వెడల్పుకీ ఎత్తుకీ లెక్క చూస్తూ కూర్చున్నాను. ఆ లెక్క బడిలో చెప్పింది కాదు. ఎనభైల మొదట్లో కువైట్‌లో, మేకుకు దారం కట్టి చెక్క మీద గీస్తూ నేర్చుకున్నది.

మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ తన దివానియాకు, అంటే మగవాళ్లు చేరి కబుర్లాడుకునే హాలుకు, అచ్చం అలాంటి కమాన్లే కావాలని మొరాకో నుంచి ఒక ఉస్తాద్‌ను పిలిపించాడు. చెక్క మీద కమాను గీత గీయడం నాది, జిప్సం చెక్కడం ఆయనది. సిమెంటు పని ముగిసిపోవడంతో తాపీమేస్త్రీలను ఇళ్లకు పంపేస్తున్నారు. వాళ్లలో మా మామ ఒకడు. రాయచోటి నుంచి నన్ను అక్కడికి తెచ్చినవాడు. జిప్సం పని పట్టుబడితే ఇఖామా, అదే అక్కడ ఉండే అనుమతి, పొడిగిస్తానని కఫీల్ మాటిచ్చి, ఉస్తాద్ దగ్గర కొన్ని వారాలు నేర్చుకోనిచ్చి, పరీక్షగా ఒక చిన్న కమాను వదిలాడు. జిప్సం పచ్చిగా ఉండగానే చెక్కాలి. ఆ ఎండల్లో టీ చల్లారేది కాదు గానీ జిప్సం గట్టిపడిపోయేది. "ఇది గోడ పని కాదప్పా, పెండ్లికూతురికి గోరింటాకు పెట్టినట్టుండాది" అని మామ అందరినీ నవ్వించేవాడు. గురువారానికి పూర్తిచేశాడు. ఉస్తాద్ వేలితో అంచులు తడిమి "తమామ్" అని మెచ్చుకున్నాడు. శనివారం కఫీల్ వచ్చి చూడటమే మిగిలింది.

శుక్రవారం సెలవు. నేను అబ్బాసియాలో దర్జీ దగ్గరికి పోయాను. మామ ఒక్కడే పని దగ్గరికి వెళ్లి, గోనెసంచులు తడిపి కమానుకు చుట్టి, సిమెంటుకు చేసినట్టే పొద్దుగూకేదాకా నీళ్లు పోశాడు. మర్నాడు గోనె లాగితే పువ్వులు గోనెకే అంటుకుని వచ్చేశాయి. నానిన జిప్సం ముద్దముద్దగా ఊడిపడింది.

"ఎంత పని జేస్తివి మామా!" అన్నాను.

"కొత్త గోడకు నీళ్లు తాపకుంటే పగిలిపోదా అల్లుడా?"

ఉస్తాద్ తిట్టినా బాగుండేది. "పానీ? జిప్సం కో పానీ?" అని మా దగ్గర నేర్చిన హిందీ ముక్కల్లో అంటూ తల పట్టుకుని కూర్చున్నాడు. కఫీల్ గుమ్మంలోనే ఆగి చూసి "ఖలాస్" అన్నాడు.

ఇంకొక అవకాశం ఇవ్వమని నేను కఫీల్ వెనక పడబోతే మామే చెయ్యి పట్టి ఆపాడు. "వద్దులే. ఇంకోటి జేసినా నా చెయ్యి బకెట్టుకాడికే పోతాది" అన్నాడు. ఆ వారంలోనే విమానం ఎక్కించారు. రాయచోటిలో మళ్లీ తాపీ పట్టి, ఆ పనిలోనే పోయాడు. దివానియాను కూడా కొన్నేళ్లకే పడగొట్టి ఫ్లాట్లు లేపారు. ఉస్తాద్ చెక్కిన కమాన్లలో ఒక్కటీ మిగల్లేదు. కొత్త పని నేర్చుకోవడానికి మామకు కొన్ని వారాలు సరిపోయాయి. పాత పని మరవడానికి మాత్రం ఒక జీవితం కావాలి, అది ఆయన అప్పటికే గోడలకు పోసేశాడు.