బోర్డు మీద రెండో పేరు

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక సోమవారం పొద్దున, ప్రార్థన అయ్యాక, మరుగుదొడ్డి కడిగే వంతు ఎవరిదో బోర్డు మీద రాస్తూ సిస్టరమ్మ నా పేరు రాసింది.

మా చర్చి బడి గోడ మీద ప్రేమ, సేవ, సమానత్వం అని పెద్ద అక్షరాలు ఉండేవి. రోజూ వాటి కింద నిలబడి గట్టిగా చదివేవాళ్లం. ఆ సేవ నా దాకా వస్తుందని నేను అనుకోలేదు. గొర్రెలు కాసుకుని బతికినా ఒకరి పెంట ఎత్తలేదని మా అవ్వ గొప్పగా చెప్పుకునేది. ఆమెకు తెలిస్తే బడి మాన్పించేది.

నా బెంచీలో కూర్చునే పిల్ల వాళ్లమ్మ ఊళ్లో మురుగు మోరీలు తీసేది. బెల్లం, చెనిక్కాయల ఉండ ఒకటి ఆ పిల్ల చేతిలో పెట్టి, "నా బదులు నువ్వు కడుగు మే, నీకు అలవాటే కదా" అన్నాను. ఆ పిల్ల వెళ్లి కడిగింది. ఉండ మాత్రం నా పుస్తకాల మీద పెట్టి పోయింది.

ఆ తర్వాత ఎవరి వంతు వచ్చినా అందరూ ఆ పిల్ల వైపే చూసేవారు. క్లాసులో ఎవరైనా కక్కితే, "దాన్ని పిలువు మే!" అని అరిచేవారు. నేనూ నవ్వాను. కొన్నాళ్లకు ఆ పిల్ల బడికి రావడం మానేసింది.

ఆ పిల్ల పక్కన కూర్చునేదాన్నని సిస్టరమ్మ నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. ఆ పిల్ల గిన్నెలు తోముతూ తల ఎత్తలేదు.

"మాయమ్మ ఎత్తేది చాలదా సిస్టరమ్మా? నేను ఆడికి సదువుకోను వచ్చినాను."

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

ఆ పిల్ల నా వైపు చూసింది, అంతే.

మర్నాడు బోర్డు మీద మళ్లీ నా పేరు రాసి, దాని కింద తన పేరు రాసింది. తెల్లచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మోకాళ్ల మీద కూర్చుని, నాకొక పొరక ఇచ్చింది. రెండు నిమిషాల్లో కక్కుకున్నాను. దాన్నీ ఆమే కడిగింది.

"వాసన అందరికీ వస్తుంది. ఆ పాపకు రాదనుకున్నావా?"

ఆ వారమంతా బోర్డు మీద ఆ రెండు పేర్లే. సంగతి ఊళ్లో పాకింది. శనివారం ఆ పిల్ల వచ్చి, బోర్డు చదివి, నా పక్కన కూర్చుంది.

"కక్కినావంట గదా?"

"ఊ."

"మా మోరీ చూస్తే చచ్చిపోతావు మే" అని నవ్వింది.

ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు, మా చేలల్లో సోలార్ పలకలున్నాయి. నిన్న అన్నం తింటూ మా అబ్బాయి నవ్వుతూ చెప్పాడు. క్లాసులో ఎవరో కక్కితే, వాళ్ల టీచరు ఆ సోలార్ పలకలు కడిగే ఆమె కూతుర్ని పిలిచి తుడిపించారట. "ఆ పాపకు అలవాటే గదమ్మా" అన్నాడు. నా మాటే, నా నవ్వే, నేను కన్న బిడ్డ నోట. వాడి మీద, ఆ టీచరు మీద, అందరికంటే నా మీద నాకు అసహ్యం వేసింది.

ఈ పొద్దున పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను.

"మీ టీచరుతో నేనొచ్చి మాట్లాడతాను. ఆ పాపకూ వాసనొస్తాది, నాయనా. ఈసారి ఎవురన్నా కక్కితే ముందు నువ్వే లేసి పొరక పట్టుకో. నీకూ కక్కొస్తే కక్కు. అదీ నువ్వే కడుగు."