షాఫ్టు మీది సీటు

నా జీపు పాతపట్నం నుంచి నరసన్నపేటకి సర్వీసు తిరిగేది. ఎత్తుగా, దర్జాగా ఉంటుందని స్ప్రింగులు ఎత్తించాను గానీ, ఇంజిను నుంచి వెనక చక్రాలని తిప్పే షాఫ్టు వాలు దానికి తగ్గట్టు సరిచెయ్యలేదు. అది దడదడమని కింద రేకుని బాదుతుంటే, సరిగ్గా దాని పైన కూర్చున్న గర్భిణితో "మసాజు ఫ్రీ అక్కా!" అన్నాను.

ఆమె పక్కనున్న పెద్దాయనెవరో జీపు ఆపించాడు. అందర్నీ దింపి, నా కాలరు పట్టుకుని చెంప పగలగొట్టాడు.

"ఆ సీట్లో నువ్వు కూకోరా. నేను తోల్తాను."

మైలు దాటకుండానే షాఫ్టు తెగి, రేకు చీల్చుకుని నా తొడలో దిగింది. తన తువ్వాలుతో కట్టు బిగిస్తూ ఆయన అడిగాడు.

"ఏరా అల్లుడూ, మసాజు సరిపోయినాదేటి?"

ఇప్పుడు నేను మెకానిక్కుని. షెడ్డులో ఏ జీపు ఎత్తు పెంచినా, షాఫ్టు రెండు కొసల్లోనూ వంపు సమానమయ్యేదాకా వదలను. కుంటికాలితో కిందకి దూరడమే కాస్త కష్టం.