వెనక కాలి కింద ఇనుప ముక్క

నిన్న సాయంత్రం అన్నం గిన్నెలో ఎసరు ఒక పక్కకు ఒరిగి కనిపించింది. గోడవైపు నీళ్ళు అంచును తాకుతున్నాయి, నా వైపు రెండు వేళ్ళు కిందికి ఉన్నాయి. గరిటె పట్టుకుని ఊరికే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు పొయ్యి వెనక, ఊక గుళికలు పోసే డబ్బా మూత సందులోంచి సన్నగా పొగ వచ్చింది. మంట తన చోటు వదిలి వెనక్కి, గుళికల్లోకి పాకుతోంది. గోడకు అవతలి గదిలో పిల్లలిద్దరూ ఆడుకుంటున్నారు. కర్ఫ్యూ వేళకు కింద ఇనుప గేటుకు తాళం వేసేస్తారు. తాళంచెవి మా దగ్గర ఉండదు.

పొయ్యికి గాలి వెళ్ళే చిన్న తలుపు మూశాను. డబ్బాలోని గుళికలను ఇసుక బకెట్లోకి తోడేశాను. గాలి ముందు, గుళికలు తరవాత, కాగిన ఇనుము మీద నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు. ఈ వరస నాకు నేర్పినవాడు అప్పన్న తాత.

ఆయన మాకు చుట్టం కాదు. ఊరి నడిబొడ్డున చౌక్తడా పేటలోని ఈ పాత ఇంగ్లీషు కాలపు భవనంలో కింది గదిలో ఒక్కడే ఉండేవాడు. ఆయన పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి సముద్రం దాటి ఇక్కడి బియ్యం మిల్లులకు వచ్చారు. ఆయన కూడా జీవితమంతా మిల్లుల్లో ఫిట్టరుగా యంత్రాలు నిలబెట్టాడు. ఇక్కడ పెద్దవాళ్ళ పేరు ముందు గౌరవంగా ఊ చేరుస్తారు, అలా వీధిలోవాళ్ళకు ఊ అప్పన్న, నాకు తాత. సైన్యం గద్దెనెక్కిందని ఊరంతా వీధుల్లోకి వచ్చిన ఆ నెలల్లో కరెంటు ఉండేది కాదు, గ్యాసు దొరికేది కాదు. ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడే ఉండిపోయిన మా ఆయన, ఒక ఇనుప ఊకపొయ్యి కొని పికప్పు మీద పంపాడు. మా ముందు గదిలో దొరలు కట్టించుకున్న చలిమంట గూడు ఉంది. అందులో మేము చెప్పులు పెట్టుకునేవాళ్ళం. గూటికి పొగగొట్టం ఉంది కదా అని పొయ్యిని అందులోకి నెట్టి, తాతను చూడమని పిలిచాను. ఆయన గూట్లోకి తలపెట్టి నవ్వాడు.

"ఈ ఉక్కలో ఏ దొరకి సలేసిందో గానీ, గూడు బాగానే కట్టాడు. నేలే ఎనక్కి కుంగిపోనాది."

వెనక కాలి కింద నేను పెట్టిన టేకు చెక్కను బయటికి లాగి నా ముందు పెట్టాడు. "ఏటమ్మా ఇది? పొయ్యి నిలబెట్టడానికేటి, ఎలిగించడానికేటి?"

"పడిపోకుండా ఉంది కదా తాతా."

"పడిపోదు, అంటుకుంటాది. కాలేజీలో ఫిజిక్సు సదివినోలందరూ ఇలగేనేటి?"

ఆయన రసమట్టంలో ద్రవం ఎప్పుడో ఎండిపోయింది. దాని బదులు స్టీలు కంచాన్ని పొయ్యి పక్క పలక మీద పెట్టి, అంచుదాకా నీళ్ళు పోశాడు. నీళ్ళు వెనక్కి పొర్లాయి. కాలి కింద పెంకులు దూర్చి, పొర్లడం ఆగేదాకా సర్దాడు. పని అయిపోయిందనుకుని నేను లేవబోయాను.

"కూకో. అన్నం గిన్నె ఎక్కించు."

నిండు గిన్నె ఎక్కించగానే కంచంలో నీళ్ళు మళ్ళీ వెనక్కి పొర్లాయి.

"సూసావా? కాళీగా ఉన్నప్పుడు ఏ మిషనైనా మట్టంగానే ఉంటాది. దాన్యం పోసినాక సూడాల." పెంకులు ఎక్కువ రోజులు ఆగవనీ, ఇనుప పేకింగు కోసి తెస్తాననీ చెప్పాడు. ఎత్తు సరిచేయడానికి కాలి కింద పెట్టే ముక్కను మిల్లుల్లో అలాగే అంటారట.

అది తెచ్చేలోగా ఊరి మీద అంటుజబ్బు వచ్చిపడింది. మెట్ల మీద ఎవరూ ఎదురుపడకూడదన్నారు. తాతకు జ్వరం తగిలిందని తెలిసింది. ఈ ఊళ్ళో ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. చివర క్లిప్పు ఉంటుంది, పేపరూ కూరలూ దానికి తగిలిస్తే పైకి లాక్కుంటాం. నేను ఆ తాడుతో ఆయనకు రోజూ గంజి దింపేదాన్ని. ఒకరోజు పొద్దున తాడు కదిలింది. పైకి లాగితే గుడ్డలో చుట్టిన ఇనుప ముక్క, అంచులు ఆకురాయితో నున్నగా రాసి ఉన్నాయి.

కింది నుంచి దగ్గు మధ్య గొంతు వినిపించింది. "ఎనక ఎడమ కాలు కింద. బేగి ఎట్టు."

"నువ్వు కోలుకున్నాక పెడుదువు గాని, తాతా."

"నీకు సేతుల్లేవేటి? బోర్లా పడుకుని సూడు. గిన్నె ఎక్కించాక మల్లీ సూడు."

నేల మీద చెంప ఆనించి పడుకుని ఆ ముక్కను నేనే పెట్టాను. తిరిగి బాల్కనీలోకి వచ్చేదాకా ఆయన కిందే ఉన్నాడు. "నీల్లు ఏటంటన్నాయి?" అని అడిగాడు.

"మట్టంగా ఉన్నాయి తాతా."

ఆ మాట విని లోపలికి వెళ్ళాడు. నాలుగో రోజు ఆయనను శ్మశానానికి తీసుకుపోయారు. వెంట వెళ్ళనివ్వలేదు. తాత మండలేలో కూతురి దగ్గరికి వెళ్ళాడని పిల్లలకు చెప్పాను. ఆ వారం నాకు అదే తేలికైన పని.

నిన్న పొయ్యి చల్లబడ్డాక వంగి చూస్తే వెనక కాలి కింద ఏమీ లేదు. ముక్క బాల్కనీలో, సొట్టలు పడిన నా కంచంలో దొరికింది. ఇక్కడ ఇంట్లోంచి చెడును తరమాలంటే గిన్నెలు మోగిస్తారు. ఆ నెలల్లో సైన్యాన్ని తరమాలని రాత్రి ఎనిమిదికి ఊరు ఊరంతా మోగించింది. ఇప్పుడు ఎప్పుడో ఒకసారి మాత్రమే వినిపిస్తుంది. మొన్న వినిపించింది. నేను భయపడి కిటికీలు మూస్తూ ఉన్నాను, బాల్కనీ వైపు చూడలేదు.

ఏడేళ్ళ పెద్దవాడిని అడిగాను. "ఇది ఎందుకు తీశావురా?"

"గరిటె కన్నా బాగా మోగుతాదమ్మా. మండలేలో తాతకి వినపడాల కదా."

ముక్కను కొంగుతో తుడిచాను. ఆ ముక్క ఎవరిదో, అక్కడ ఎందుకుందో నేను పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు. చెబితే మిగతాది కూడా చెప్పవలసి వస్తుంది. రొట్టె పెట్టి వాళ్ళను పడుకోబెట్టాను. తరవాత నేల మీద చెంప ఆనించి, ముక్కను దాని చోట పెట్టి, గిన్నె ఎక్కించి చూశాను. నీళ్ళు మట్టంగా నిలిచాక కూర్చుని ఇదంతా రాశాను. చివరి నాలుగు మాటలు మాత్రం తెల్లవారాక రాస్తున్నాను.

పొద్దున ఇద్దరినీ పొయ్యి ముందు కూర్చోబెట్టి చెప్పాను: "తాత మండలే వెళ్ళలేదు. చనిపోయాడు. నేనే మీకు అబద్ధం చెప్పాను. జ్వరంలో కూర్చుని ఈ ముక్క కోసి, తాడుకి కట్టి పైకి పంపాడు, మన ఇల్లు అంటుకోకూడదని. ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ఇప్పుడు గిన్నె ఎక్కిస్తాను. నీళ్ళు ఎటు ఉన్నాయో మీరే చూసి నాకు చెప్పండి."